చిన్న సంపాదనకు ఐటీ రిటర్న్: చిక్కంతా ‘లాభం’ గడి దగ్గరే

వరంగల్ కరీమాబాద్‌లో ఒక అక్క ప్రైవేటు స్కూళ్ల యూనిఫారాలు కాంట్రాక్టు మీద కుట్టిస్తుంది. ఉన్న రెండు మిషన్లకు తోడు ఇంకో రెండు కొందామని లోను కోసం ఒక బ్యాంకుకు పోతే రెండేళ్ల రిటర్న్‌లు అడిగారు. ఉన్నాయి కదా అని ధైర్యంగా తీసి ఇచ్చింది. ఒక ఏడు 18,000, ఇంకో ఏడు 20,000 ఆదాయం అని ఉంది వాటిలో. నెలకు 1,700 కూడా లేని ఆదాయంతో కిస్తీ ఎట్లా కడతారమ్మా అని ఫైలు తిరిగి ఇచ్చేశారు. ఆ రిటర్న్‌లు నింపిన మధ్యవర్తి దగ్గరికి పోతే, “ఈసారి 4,90,000 అని వేద్దాం, 3,000 ఇవ్వండి” అన్నాడట.

మా ఇంటికి వచ్చిన రోజు ఆమె అడిగిన మొదటి మాట: “అన్నా, నాది చిన్న సంపాదన. ఉన్నది ఉన్నట్టు రాస్తె తీస్కోరా?”

తీసుకుంటారు. ఉన్నది ఉన్నట్టు రాయడానికి ఫారంలో చోటు ఉంది. నేను సీఏను కాదు. మా గల్లీ వాళ్లకు చాలా ఏళ్లుగా ఫారాలు నింపిపెడుతున్నాను. ఎక్కువ మంది తప్పు చేసేది ‘లాభం’ గడి ఒక్క చోటే కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను. మిగతావి తొందరగా చెప్పేస్తాను.

అసలు రిటర్న్ వేయాలా అన్నది ముందు చూసుకోండి. కొత్త పన్ను విధానంలో 2024-25 సంపాదనకు 3 లక్షల వరకు, 2025-26 సంపాదనకు 4 లక్షల వరకు మినహాయింపు ఉంది. ఆదాయం అంతకు లోపే ఉంటే చాలామందికి రిటర్న్ తప్పనిసరి కాదు. అయితే ఏడాదిలో మీ పేరు మీద కోసిన టీడీఎస్ (మీకు డబ్బు ఇచ్చేవాళ్లు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) 25,000 దాటినా (60 ఏళ్లు నిండినవాళ్లకు 50,000), వ్యాపారంలో మొత్తం రాబడి 60 లక్షలు దాటినా, కరెంటు బిల్లులు లక్ష దాటినా ఆదాయం తక్కువే అయినా వేయాల్సిందే. కోసిన టీడీఎస్ వెనక్కి కావాలంటే కూడా రిటర్న్ తప్ప వేరే దారి లేదు. లోను కోసం, వీసా కోసం వేసేవాళ్లు సరేసరి.

మీసేవలో తీసుకునే ఆదాయ ధ్రువీకరణ పత్రం వేరు, ఇది వేరు. అది తహసీల్దారు ఇచ్చేది, స్కాలర్‌షిప్‌లకు అడుగుతారు. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయకండి. కానీ రెండింట్లో అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే మాత్రం ఎప్పుడో ఒకప్పుడు జవాబు చెప్పాల్సి వస్తుంది.

పాన్, ఆధార్ లింకు అయి ఉండాలి. 2023 జూన్ 30 లోపు లింకు చేయనివాళ్లలో చాలామంది పాన్ పనిచేయకుండా పోయింది. అట్లాంటి పాన్ మీద రిఫండ్ రాదు, టీడీఎస్ కూడా ఎక్కువ రేటుతో కోస్తారు. 1,000 రూపాయల ఫీజు కట్టి ముందు ఆ పని చేసుకోండి. ఆధార్‌కు మీ సొంత ఫోన్ నంబర్ కలిపి ఉందో లేదో కూడా చూసుకోండి, చివర్లో ఓటీపీ దానికే వస్తుంది.

ఇన్‌కంటాక్స్ పోర్టల్‌లో లాగిన్ అయ్యాక ఫారం తెరిచే ముందు 26ఏఎస్, ఏఐఎస్ అనే రెండు కాగితాలు దించుకోండి. మీ పేరు మీద కోసిన టీడీఎస్, మీకు వచ్చిన డబ్బు గురించి శాఖ దగ్గరున్న లెక్క వాటిలో ఉంటుంది. జనవరి నుంచి మార్చి వరకు కోసిన టీడీఎస్ వివరాలు ఇవ్వడానికి మీకు పని ఇచ్చిన కాంట్రాక్టరుకు మే 31 వరకు టైముంటుంది. అందుకే జూన్ సగం దాటాక దించుకుంటే లెక్క పూర్తిగా కనిపిస్తుంది. డబ్బు కోసి కూడా మీ 26ఏఎస్‌లో పడలేదంటే కాంట్రాక్టరును ఫారం 16ఏ (టీడీఎస్ కోసినట్టు ఇచ్చే సర్టిఫికెట్) అడగండి. అది ఇవ్వడం ఆయన బాధ్యత, మొహమాటపడనక్కర్లేదు.

26ఏఎస్‌లో డబ్బు పక్కన ఒక సెక్షన్ నంబర్ ఉంటుంది. ముందు చదవాల్సింది దాన్ని. 194సీ అని ఉంటే కాంట్రాక్టు పని. 194హెచ్ అంటే కమీషన్. 194డీ అంటే ఇన్సూరెన్స్ కమీషన్. కుట్టుపని, కిరాణం, టిఫిన్ సెంటర్, కొత్తవాడలో సొంత మగ్గం మీద జంపఖానాలు నేసి అమ్ముకోవడం లాంటి పనులకు సెక్షన్ 44ఏడీ (లెక్క పుస్తకాలు రాయని చిన్న వ్యాపారాలకు ఉన్న సౌకర్యం) కింద ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం సరిపోతుంది. కానీ కమీషన్ మీద బతికేవాళ్లకు 44ఏడీ వర్తించదు. ఇన్సూరెన్స్ ఏజెంట్లు, ఎనుమాముల మార్కెట్‌లో కమీషన్ తీసుకునే అడ్తిదారులు ఐటీఆర్-3 వేయాలి. “ఐటీఆర్-4 ఈజీ సార్, అదే వేస్తా” అనే చోటి నుంచి లేచి వచ్చేయండి. ఐటీఆర్-3 పెద్ద ఫారమే, అయినా లెక్క పుస్తకాలు లేని చిన్నవాళ్ల కోసం అందులో ‘నో అకౌంట్ కేస్’ అనే భాగం ఉంది. మొత్తం రాబడి, ఖర్చులు, మిగిలింది రాస్తే సరిపోతుంది. ఈ సంపాదనను జీతంగానో ఇతర ఆదాయంగానో చూపించి ఐటీఆర్-1 వేయడం కూడా తప్పే. చాలామందికి నోటీసు వచ్చేది అక్కడే.

ఇక అసలు చిక్కు.

44ఏడీలో లెక్క పుస్తకాలు రాయనివాళ్ల కోసం ఒక సౌకర్యం పెట్టారు. బ్యాంకు ద్వారా, ఫోన్‌పే లాంటి వాటి ద్వారా వచ్చిన రాబడిలో 6 శాతం, నగదుగా వచ్చినదానిలో 8 శాతం లాభం కింద చూపిస్తే చాలు, పుస్తకాలు అడగరు. మధ్యవర్తులు ఈ ఒక్క ముక్క పట్టుకున్నారు. ఎవరొచ్చినా 6, 8 కొట్టి పంపిస్తారు. కానీ చట్టం ఆ శాతాన్ని కనీసంగా పెట్టింది. మీకు నిజంగా మిగిలింది అంతకంటే ఎక్కువైతే ఆ ఎక్కువే రాయాలి. గడిలో కంప్యూటర్ వేసిన అంకెను చెరిపి పెద్ద అంకె రాయనిస్తుంది.

ఆ అక్క లెక్క ఇట్లా ఉంది. కాంట్రాక్టరు ఏడాదిలో ఇచ్చింది 2,80,000. అందులో ఒక శాతం, అంటే 2,800 టీడీఎస్ పోయి బ్యాంకులో పడింది 2,77,200. రాబడి గడిలో రాయాల్సింది 2,80,000 అని గుర్తుంచుకోండి. పాసుబుక్కు చూసి 2,77,200 రాస్తే 26ఏఎస్‌తో కలవదు. ఇంటిపక్కవాళ్ల జాకెట్లు, ఫాల్స్ కుట్టగా చేతికొచ్చిన నగదు 40,000. మొత్తం 3,20,000. 6 శాతం లెక్కన 16,800, 8 శాతం లెక్కన 3,200, కలిపి 20,000. మధ్యవర్తి రాసింది అదే.

నిజంగా ఎంత మిగిలిందో ఆమెనే అడిగాను. దారం, గుండీలు, జిప్పులు 28,000. కాజాలు వేసి గుండీలు కుట్టే అమ్మాయికి నెలకు 6,000 చొప్పున 72,000. గది కిరాయి 24,000. కరెంటు 14,000. ఆటో కిరాయిలు 9,000. మిషన్ రిపేర్లు 3,000. మొత్తం 1,50,000. మిగిలింది 1,70,000. రిటర్న్‌లో ఉండాల్సిన ఆదాయం అదే. ఆ ఏడాది మినహాయింపు 3 లక్షలు కాబట్టి రూపాయి పన్ను లేదు. కోసిన 2,800 కూడా వెనక్కి వస్తుంది. 20,000 అని రాసి ఆమె పన్నులో మిగుల్చుకున్నది ఏమీ లేదు. పోగొట్టుకున్నది మాత్రం లోను.

ఇంతసేపు నోటు పుస్తకంలో మేం రాసిన ఆ ఖర్చుల కాగితం ఎవరికీ పంపక్కర్లేదు. కానీ దాచిపెట్టుకోండి. బ్యాంకువాళ్లు అడిగితే చూపించడానికి ఉంటుంది. ఫోన్‌పేలో పడిన ప్రతి రూపాయీ రాబడి కాదన్నది కూడా ఇందులోనే రాసి పెట్టుకోండి. చిట్టీ ఎత్తుకున్న డబ్బు, తమ్ముడు పంపింది, చేబదులు తిరిగొచ్చింది వేరు చేయాలి.

ఒకవేళ నిజంగా మిగిలింది ఆ 6, 8 శాతం కంటే కూడా తక్కువైతే? అట్లాంటప్పుడు ఐటీఆర్-3 వేసి ఉన్నది చూపించవచ్చు. మొత్తం ఆదాయం మినహాయింపు పరిమితికి లోపే ఉంటే దీని కోసం ఆడిట్ అడగరు. అయితే ఒకసారి 44ఏడీలోకి వచ్చి తర్వాతి ఐదేళ్లలో అంతకంటే తక్కువ చూపిస్తే, ఆ తర్వాత ఐదేళ్లపాటు 44ఏడీ వాడుకోనివ్వరు. ఇది తెలిసి నిర్ణయించుకోండి.

ఇక 4,90,000 సంగతి. లేని ఆదాయం రాసినా కొత్త విధానంలో పన్ను పడదు కాబట్టి నష్టం లేదని నమ్మిస్తారు. నష్టం ఉంది. మన రాష్ట్రంలో రేషన్ కార్డుకు కుటుంబ ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కూడా ఆదాయ పరిమితులున్నాయి. మీ పాన్ మీద మీరే సంతకం పెట్టి 4,90,000 అని చెప్పాక, నాకు అంత లేదని ఏ ఆఫీసులో చెప్పుకుంటారు? లోను వచ్చినా, లేని ఆదాయాన్ని చూసి ఇచ్చిన కిస్తీ ఉన్న ఆదాయంతోనే కట్టాలి.

“రిటర్న్ ఏస్తెనే రేషన్ కార్డు పోతదంట గద” అని ఆ అక్క కూడా భయపడింది. రేషన్ కార్డుకు చూసేది కుటుంబ ఆదాయం. రిటర్న్ వేయడం వల్ల ఆదాయం పెరగదు. పీఎం కిసాన్‌లో కూడా తీసేసేది కిందటి అసెస్‌మెంట్ ఏడాదిలో పన్ను కట్టినవాళ్లను. రిటర్న్ వేసి పన్ను సున్నా వచ్చినవాళ్లు పన్ను కట్టినవాళ్లు కారు. దీనికి టెన్షన్ పడకండి.

రాబడి, లాభం రాశాక ఐటీఆర్-4లో ఇంకో చిన్న గండం ఉంది. మార్చి 31 నాటికి చేతిలో నగదు ఎంత, సరుకు ఎంత, రావాల్సింది ఎంత, ఇవ్వాల్సింది ఎంత అని అడుగుతుంది. భయపడి అన్నీ సున్నాలు పెట్టేస్తారు. ఆ రోజు డబ్బాలో 4,000 ఉంటే 4,000 రాయండి. కాంట్రాక్టరు బకాయి ఉంటే అదీ రాయండి. నిజంగా లేనిచోట సున్నా పెట్టవచ్చు.

మధ్యవర్తితో వేయించుకునేవాళ్లు ఎదురుగా కూర్చుని మూడు చూడండి. ప్రొఫైల్‌లో ఫోన్ నంబర్, ఈమెయిల్ మీవే ఉండాలి. రిఫండ్ ఖాతా మీ పేరు మీదే ఉండాలి. మీరు కట్టని విరాళాలు, పాలసీలు తగ్గింపుల్లో ఉండకూడదు. దొంగ తగ్గింపులతో రిఫండ్‌లు తెప్పించి వాటా తీసుకునేవాళ్ల మీద 2025 జులై 14న దేశమంతటా 150 చోట్ల ఆదాయపు పన్ను శాఖ తనిఖీలు చేసింది. రిటర్న్‌ల కోసమే తాత్కాలిక ఈమెయిళ్లు సృష్టించి వదిలేయడంతో, వాళ్ల ద్వారా వేసినవాళ్లకు వచ్చిన నోటీసులు ఎవరూ చదవకుండానే పడి ఉన్నాయని శాఖ చెప్పింది. ఆ నోటీసులకు జవాబు చెప్పాల్సింది పాన్ ఉన్న మనిషే.

గడువు పోర్టల్‌లో చూసుకోండి, అది మారుతుంటుంది. 2025లో జులై 31 నుంచి సెప్టెంబర్ 15కి, చివరికి 16కి జరిగింది. ఆదాయం మినహాయింపు పరిమితి లోపే ఉండి, పైన చెప్పిన తప్పనిసరి కారణాలేవీ లేకపోతే ఆలస్య రుసుము కూడా ఉండదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలవుతుంది. ఆ తేదీకి ముందు సంపాదించిన డబ్బుకు మాత్రం ఇక్కడ చెప్పిన పాత సెక్షన్ నంబర్లే.

సబ్మిట్ కొట్టాక లేచి పోకండి. 30 రోజుల్లోపు ఈ-వెరిఫై (ఆ రిటర్న్ నాదేనని ధ్రువీకరించడం) చేయకపోతే ఆ రిటర్న్ వేసినట్టే కాదు. ఆధార్ ఓటీపీతో నిమిషంలో అయిపోతుంది. ఫోన్ నంబర్ కలపనివాళ్లు ఐటీఆర్-వీ అనే రసీదు ప్రింటు తీసి సంతకం పెట్టి బెంగళూరులో శాఖ రిటర్న్‌లు చూసే ఆఫీసు సీపీసీకి స్పీడ్ పోస్టులో పంపవచ్చు. ఎక్కడైనా ఆగిపోతే శాఖ ఉచిత నంబర్ 1800 103 0025కు చేయండి.

ఆ అక్క 20,000 అని వేసిన రిటర్న్‌కు సవరించే గడువు ఇంకా ఉంది కాబట్టి 1,70,000తో సవరించాం. 18,000 అని ఉన్న అంతకు ముందు ఏడాదిది అట్లాగే ఉండిపోయింది. 2,800 ఆమె ఖాతాలో పడింది. లోనుకు మళ్లీ వచ్చే ఏడాది, రెండో సరైన రిటర్న్ చేతికొచ్చాక పోతానంది.