గోదావరి డెల్టాలో కారుందా? ఓసారి వంగి కింద చూడండి

కారుని పైన తళతళా తుడుచుకుంటాం, దసరాకి పూజ చేసి నిమ్మకాయలు తొక్కిస్తాం, సర్వీసుకి రమ్మని ఫోనొస్తే ఇచ్చి వస్తాం. మన వైపు అది చాలదండీ. ఇక్కడ కారుకి తిరిగిన కిలోమీటర్ల కంటే నీళ్లూ ఉప్పుగాలీ చేసే చేటే ఎక్కువ.

మాది రాజోలు వైపు. మా కారుకి ఆరేళ్లు, 40 వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, పైకి కొత్తదానిలా ఉండేది. ఓ రోజు మెకానిక్ బండి పైకెత్తి, తలుపు కింది రేకు మీద స్క్రూడ్రైవర్ ఆనించి కాస్త నొక్కాడో లేదో అది అప్పడంలా విరిగి లోపలికి దిగిపోయింది. నాకు నోట మాట రాలేదు. అంతర్వేది నుంచి కొట్టే సముద్రపు గాలి, రొయ్యల లోడు బళ్లు రోడ్డు పొడవునా కార్చుకుంటూ పోయే నీళ్లు, కాలవగట్టు బురద, అన్నీ అడుగున చేరి తినేశాయి.

అందుకే ముందు అడుగు చూడండి. ప్రతి తలుపు కింది అంచున చిన్న కన్నాలుంటాయి, అద్దం పక్కనుంచి లోపలికి దిగిన వాన నీరు బయటికి పోయేది వాటిలోంచే. అవి మట్టితో పూడిపోతే నీరు లోపలే నిలిచి రేకు లోపల్నుంచి తుప్పు పడుతుంది. కొబ్బరి ఈనె తీసుకుని ఒక్కో కన్నంలో మెల్లగా తిప్పండి. ఇనుప తీగ వద్దు, రంగు లేచిన చోటే తుప్పు మొదలవుతుంది. నేను మొదటిసారి పొడిచినప్పుడు ఒక్క తలుపులోంచే అర గ్లాసు బురద నీళ్లు కారాయి.

నెలకోసారి, సముద్రం వైపు వెళ్లొస్తే ఆ రోజే, చక్రాల లోపలి వైపూ అడుగూ పైపు పెట్టి కడగండి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో మాత్రం వద్దు, కుళాయి నీళ్లు వాడండి.

ఇంజనాయిలు చాలా కార్లకి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ‘మేం రావులపాలెం కూడా దాటం కదా’ అనేవాళ్లు ఏడాది సంగతి మర్చిపోతారు. దగ్గర దూరాలకే తిప్పితే ఇంజన్ సరిగ్గా వేడెక్కక ఆయిల్లో తేమ మిగిలిపోతుంది. బ్రేక్ ఆయిల్ కూడా గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్పించండి, ఇందులో పిల్లల ప్రాణాలున్నాయి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి దిగకముందే మార్చేయండి, తడి రోడ్డు మీద అరిగిన టైరు పట్టు ఇవ్వదు. నూర్పుళ్ల రోజుల్లో ఎయిర్ ఫిల్టర్ తీసి దులపండి, కోతలయ్యాక ఎలుకలు బానెట్లో చేరి వైర్లు కొరుకుతాయి కాబట్టి అదీ తెరిచి చూస్తుండండి.

ఇక వరద. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంకలన్నీ మునిగాయి. అంత రాకపోయినా కాజ్‌వే మీద నీళ్లు మనకి మామూలే. లోతు తెలియని నీళ్లలోకి దింపకండి. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్లోకి నీరు చేరితే పిస్టన్ దాన్ని నొక్కలేదు, లోపలి రాడ్డు వంగిపోతుంది, ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. మామూలు ఇన్సూరెన్స్ చాలావరకు దీనికి డబ్బులివ్వదు, ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలి. బండిని తోసి గట్టెక్కించండి, మెకానిక్ వచ్చేదాకా ‘ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడండి’ అని ఎవరన్నా సరే తాళం జేబులోంచి తీయకండి.