ఎండలు ముదరకముందే పిట్టలకు స్నానం అలవాటు చేయండి

బెజవాడ ఎండకు పంజరంలో పిట్ట నోరు తెరిచి రొప్పుతుంటే చూడలేక, మగ్గుతో నీళ్లు కుమ్మరించేవాళ్లున్నారు. జాలితో చేసే పనే గానీ ఆ దెబ్బకు పిట్ట హడలిపోతుంది, తర్వాత నీళ్లంటేనే భయపడుతుంది. పిట్టకు మనం స్నానం చేయించకూడదు, అదే చేసుకోవాలి. ఉగాది నాటికి మొదలుపెడితే రోహిణి కార్తె లోపు అలవాటు పడే వీలుంటుంది.

మనం లవ్ బర్డ్స్ అని కొనే రంగుల పిట్టలు చాలామటుకు బడ్జీలు. వీటి సొంత ఊరు ఆస్ట్రేలియాలోని మెట్ట ప్రాంతాలు. అక్కడ మంచుకు తడిసిన గడ్డిలో ఒళ్లు రుద్దుకుంటాయి. పళ్లెంలో నీళ్లు పెడితే చాలా బడ్జీలు దూరంగా కూర్చుని చూస్తుంటాయి. వాటికి కొత్తిమీర కట్టతో మొదలుపెట్టండి. మందుల వాసన పోయేలా బాగా కడిగి, నీళ్లు దులపకుండానే పంజరం ఊచకు క్లిప్పుతో తగిలించండి. ముందు కొరికి చూస్తాయి. కాసేపటికి ఒకటి ధైర్యం చేసి ఆకుల్లో తల దూరుస్తుంది, మెడ రాస్తుంది, ఆపై ఒళ్లంతా దొర్లిస్తుంది. రెండోది ఊరుకుంటుందా, తోసుకుంటూ వస్తుంది!

ఆకులకు అలవాటు పడ్డాక మట్టి మూకుడు పెట్టండి. స్టీలు పళ్లెంలో కాళ్లు జారతాయి. నీళ్లు ఒక సెంటీమీటరు లోతుంటే చాలు. అరగంటలో తీసేయండి, అందులోనే రెట్ట వేసి అవే తాగుతాయి.

తలపై కుచ్చుండే చిన్న చిలుక కాకటీల్. దాని ఈకల నుంచి తెల్లటి పొడి రాలుతూ ఉంటుంది కాబట్టి దానికి స్ప్రే బాగా పనికొస్తుంది. సీసా కొత్తదే కొనండి, మొక్కల మందు కొట్టింది ఎంత కడిగినా వద్దు. ముఖానికి కాకుండా పైకి కొడితే జల్లులా రాలుతుంది. రెక్కలు విప్పి ఒంగితే నచ్చినట్టే. ఈకలు బిగించి మూలకు జరిగిందా, ఆ రోజుకు ఆపేయండి. గింజల గిన్నె ముందే బయటపెట్టాలి, తడిసిన కొర్రలకు బూజు పడుతుంది.

మేలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంతగా కాగిపోతాయి. పొద్దున్నే పట్టి నీడలో ఉంచుకోండి. ఐసు, ఫ్రిజ్ నీళ్లు అసలే వద్దు. స్నానం ఉదయం పూటే. సాయంత్రం తడిపితే మన ఉక్కపోతకు ఈకలు ఆరక రాత్రంతా తడితోనే ఉంటుంది. సబ్బూ షాంపూ పెట్టకండి, ఈకలకు రాసుకునే సహజమైన నూనె పోతుంది. కొన్ని హెయిర్ డ్రయ్యర్ల లోపల నాన్‌స్టిక్ పూత ఉంటుంది, అది బాగా వేడెక్కి వచ్చే పొగ పిట్టల ప్రాణం తీస్తుంది. అందుకే డ్రయ్యర్ పెట్టకుండా పిట్టను దానంతట అదే ఆరనివ్వండి. బయటికి వదిలే అలవాటుంటే సీలింగ్ ఫ్యాన్ ఆపాకే వదలండి, తడి రెక్కలతో సరిగా ఎగరలేదు.

ఈకలు ఉబ్బించుకుని రోజంతా నీరసంగా కూర్చున్న పిట్టను తడపొద్దు, అది జబ్బు లక్షణం. వడదెబ్బ వేరు: రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి రొప్పుతుంది, తూలుతుంది. పక్షులకు చెమట పట్టదు, ఒంటి వేడి పోయే ముఖ్యమైన దారి రొప్పడమే. వెంటనే చల్లటి గదిలోకి తెచ్చి, మామూలు నీళ్లతో కాళ్లు, రెక్కల కింద తడపండి. నోట్లో నీళ్లు పోయకండి. కాస్త తేరుకున్నట్టు కనిపించినా పశువుల డాక్టరుకు చూపించాల్సిందే.