పళ్లు తెల్లబరిచే స్ట్రిప్పులు: తేడా ఎక్కడ వస్తోంది, ఏం చేయాలి

తెల్లబరిచే జెల్లు పూసి, పళ్లకు అంటించుకునే పలుచని పట్టీయే స్ట్రిప్పు. దాన్ని ఎలా అంటించాలో, ఎంతసేపు ఉంచాలో పెట్టె మీదే రాసి ఉంటుంది కాబట్టి ఆ సంగతులు ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు. పెట్టె విప్పేముందు చేయవలసిన ఒక పనిని మాత్రం దాదాపు అందరూ వదిలేస్తున్నారు. మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడి, పెదవిని పక్కకు లాగి పట్టుకుని, ఒక్కొక్క పన్నునూ విడివిడిగా చూసుకోవాలి. దేని మీద గార కట్టింది, దేనికి ఫిల్లింగ్ ఉంది, ఏది క్యాపు, ఎక్కడ చిగుళ్లు వెనక్కి తగ్గి పంటి వేరు బయటపడింది, ఎక్కడ పిప్పి మొదలైంది అన్నవి తెలియకుండా స్ట్రిప్పు అంటించినవారు ఆ తరువాత వచ్చే ప్రతి ఇబ్బందికీ జెల్లునే తిట్టుకుంటారు. స్ట్రిప్పులు పనిచేయలేదంటూ నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది విషయంలో కారణం ఈ చిన్న పరిశీలనతోనే తేలిపోతుంది. రెండు నిమిషాలు కూడా పట్టని పనిని వదిలేసి, మరింత ఘాటైన జెల్లు ఎక్కడ దొరుకుతుందని అడిగేవారికి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తోచదు.

రంగు అసలు మారలేదు

ముందుగా అనుమానించవలసింది గారను. స్ట్రిప్పు జెల్లులో ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్ పంటి పైపొర అయిన ఎనామెల్ గుండా లోపలికి ఇంకి, దాని కింద ఉన్న డెంటిన్ పొర వరకూ చేరి, రంగునిచ్చే అణువులను విడగొడుతుంది. పంటికీ జెల్లుకూ మధ్య గట్టిపడిన గార ఉన్నప్పుడు ఆ జెల్లు పంటిని తాకనే తాకదు. కింది ముందుపళ్ల వెనుక భాగాన్ని నాలుకతో తడిమినప్పుడు గరుకుగా తగిలితే ముందు వైపు చిగుళ్ల అంచున కూడా ఎంతో కొంత గార ఉన్నట్టే లెక్క వేసుకోవచ్చు. బ్రష్షు పాచిని తీయగలదు గాని గారను తీయలేదు. దంతవైద్యుని దగ్గర స్కేలింగ్ చేయించుకుని, చిగుళ్ల నొప్పి పూర్తిగా తగ్గిన తరువాతే స్ట్రిప్పులు మొదలుపెట్టాలి. టీ, కాఫీ, పొగాకు మరకలు ఎక్కువగా గార మీదా పాచి మీదా పేరుకుంటాయి కాబట్టి, స్కేలింగ్ అయ్యాక అసలు స్ట్రిప్పుల అవసరమే లేదని తెలుసుకునేవారు తక్కువమందేమీ కాదు.

గార లేకపోయినా పై పళ్లు మారి కింది పళ్లు మారకపోతే లాలాజలాన్ని అనుమానించాలి. నాలుక కింద నుంచి ఊరే లాలాజలం కింది పళ్ల దగ్గరే నిలుస్తుంది. అందులోని ఎంజైములు పెరాక్సైడ్‌ను విరగగొట్టి నీరుగా, ఆక్సిజన్‌గా మార్చేస్తాయి. పైగా తడి పంటి మీద స్ట్రిప్పు జారిపోతూ ఉంటుంది. అంటించే ముందు పళ్లను టిష్యూ కాగితంతో పొడిగా తుడుచుకోవడం, అంటించాక మాట్లాడకుండా ఉండడం, అంచును పంటి వెనక్కి మడిచి వేలితో ప్రతి పంటి మీదా నొక్కడం, ఈ మూడూ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన వంకర పళ్ల సందుల్లోకి మాత్రం స్ట్రిప్పు ఎలాగూ దిగదు. అక్కడ రంగు తేడా మిగిలిపోతుందని ముందే ఒప్పుకోవాలి.

పంటి సహజ రంగు కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. పసుపు ఛాయ బాగా తగ్గుతుంది, గోధుమ ఛాయ అంతకంటే నెమ్మదిగా తగ్గుతుంది, బూడిద ఛాయ అన్నిటికంటే మొండిది. చిన్నతనంలో వాడిన టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందుల వల్ల అడ్డచారలుగా వచ్చిన బూడిద రంగు కొన్ని వారాల స్ట్రిప్పులకు లొంగేది కాదు. అది వైద్యుని పర్యవేక్షణలో నెలల తరబడి సాగే చికిత్స.

ఒక్క పన్ను మాత్రం అలాగే ఉండిపోయింది

అద్దంలో చూసుకోమని మొదట్లోనే చెప్పినది ఇందుకే. ఫిల్లింగులు, క్యాపులు, పంటి ముందు భాగానికి అతికించే పలుచని పొరలైన వెనీర్లు పెరాక్సైడ్‌తో తెల్లబడవు. ఎప్పుడో చిన్నప్పుడు పడి విరిగిన ముందుపంటికి వేయించుకున్న ఫిల్లింగును చాలామంది పూర్తిగా మరిచిపోయి ఉంటారు; చుట్టూ ఉన్న పళ్లు తెల్లబడ్డాకే అది పసుపుగా బయటపడుతుంది.

కోరపళ్ల సంగతి వేరు. వాటిలో డెంటిన్ మందంగా ఉంటుంది కాబట్టి అవి పుట్టుకతోనే పక్కవాటికన్నా ఒక ఛాయ ముదురుగా ఉంటాయి, ఆలస్యంగా మారతాయి. అది లోపం కాదు. ఎలాంటి ఫిల్లింగూ లేని ఒక ముందుపన్ను మాత్రం బూడిదగానో ముదురు గోధుమగానో కనిపిస్తూ ఉంటే, ముఖ్యంగా ఆ పంటికి ఎప్పుడైనా దెబ్బ తగిలి ఉంటే, లోపలి నరం చచ్చిపోయి ఉండవచ్చు. దానికి ఎక్స్‌రే, అవసరమైతే రూట్ కెనాల్, ఆ తరువాత పంటి లోపలి నుంచి తెల్లబరిచే పద్ధతి ఉన్నాయి. పైనుంచి స్ట్రిప్పులు వేస్తూ కూర్చోవడం వల్ల చికిత్స ఆలస్యం కావడం తప్ప మరేమీ జరగదు.

తీసిన వెంటనే తెల్లగా ఉంది, మర్నాటికి రంగు వెనక్కి వచ్చింది. లేదా తెల్లటి మచ్చలు తేలాయి

ఇవి రెండు వేర్వేరు ఫిర్యాదులుగా వస్తాయి. మొదటివారు స్ట్రిప్పు నాసిరకమని అనుకుంటారు, రెండోవారు స్ట్రిప్పు పంటిని పాడుచేసిందని భయపడతారు. రెండింటికీ మూలం ఒక్కటే: పన్ను ఎండిపోవడం. అందరినీ ఎక్కువగా తప్పుదారి పట్టించేది, నన్ను కూడా చాలాసార్లు వేరే కారణాల వెంట తిప్పినది ఇదే కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

ఎనామెల్ గాజులా గట్టిగా కనిపించినా దానిలో కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాలు ఉంటాయి, వాటిలో నీరు ఉంటుంది. వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే కొలత వక్రీభవన గుణకం; అది ఎనామెల్‌కు సుమారు 1.62, నీటిది 1.33, గాలిది 1.00. రంధ్రాల్లో నీరు ఉన్నంతసేపు రెండింటికీ మధ్య తేడా తక్కువ కాబట్టి వెలుతురు పెద్దగా చెదరకుండా లోపలికి వెళ్లి, డెంటిన్ పసుపు ఛాయను మనకు చూపిస్తుంది. నీరు పోయి ఆ చోట గాలి చేరగానే తేడా పెరిగి, వెలుతురు పైపొరలోనే చెదిరిపోతుంది. అప్పుడు పన్ను సున్నం రాసినట్టు తెల్లగా కనిపిస్తుంది. చాలా జెల్లులలో ఉండే గ్లిజరిన్ నీటిని లాక్కునే గుణం కలది. దానికి తోడు అరగంటసేపు లాలాజలం తగలకుండా పంటిని స్ట్రిప్పు కప్పి ఉంచుతుంది, పెదవులు కాస్త తెరిచి ఉంచుకుంటే గాలి కూడా తగులుతుంది. కాబట్టి స్ట్రిప్పు ఊడదీసిన క్షణంలో అద్దంలో కనిపించే తెలుపులో కొంత పెరాక్సైడ్ పని, కొంత పన్ను ఎండిపోవడం వల్ల వచ్చిన ఫలితం. రెండోది అరువు తెచ్చుకున్న తెలుపు. కొన్ని గంటల్లోనో, మర్నాటికో పన్ను మళ్లీ నీరు పీల్చుకోగానే అది పోతుంది.

నమ్మకం కుదరనివారు జెల్లేమీ లేకుండా పరీక్షించి చూడవచ్చు. ఒక ముందుపంటిని టిష్యూతో తుడిచి, పెదవిని పైకి పట్టుకుని, నాలుక తగలనీయకుండా ఐదు పది నిమిషాలు గాలికి ఉంచాలి. ఆ సమయంలో పక్క పంటిని మాత్రం నాలుకతో తడుపుతూ ఉండాలి. తరువాత అద్దంలో చూస్తే ఎండిన పన్ను తడి పంటికన్నా తెల్లగా, కాస్త మసకగా కనిపిస్తుంది. ఫిల్లింగుకూ క్యాపుకూ రంగు ఎంచుకునేటప్పుడు దంతవైద్యులు పని మొదలుపెట్టకముందే, పన్ను తడిగా ఉండగానే ఛాయ చూసుకునేది ఈ కారణం వల్లనే.

మచ్చల విషయమూ ఇంతే. ఫ్లోరోసిస్ వల్లగాని, దంతాల క్లిప్పులు ఉన్నప్పుడు పాచి నిలిచి ఖనిజాలు కరగడం వల్లగాని కొన్ని చోట్ల ఎనామెల్‌లో రంధ్రాలు ఎక్కువగా ఉంటాయి. మామూలు రోజుల్లో అవి నీటితో నిండి ఉండి కంటికి ఆనవు. పన్ను ఎండినప్పుడు అన్నిటికంటే ముందు అవే తేలుతాయి. మచ్చను స్ట్రిప్పు పుట్టించలేదు, ఉన్నదాన్ని బయటపెట్టింది.

దీనివల్ల జరిగే అసలు నష్టం రంగు విషయంలో కాదు, ఆ తరువాత తీసుకునే నిర్ణయంలో. నిన్న రాత్రి చూసిన తెలుపు ఈ ఉదయం లేదని రోజుకు రెండుసార్లు వేసేవారు, అరగంటకు బదులు రెండు గంటలు ఉంచేవారు, మచ్చల చుట్టూ ఉన్న రంగును సమం చేద్దామని ఒక పెట్టె కాగానే మరో పెట్టె విప్పేవారు, వీరందరూ వారం తిరగకముందే చల్లనీళ్లు తాగలేని స్థితికి వస్తారు. పంటి జివ్వుకు మందు అడిగే ఇలాంటివారిని మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: రంగును ఎప్పుడు చూసుకుంటున్నారు?

పరిష్కారం సులువైనదే గాని ఓపిక కావాలి. స్ట్రిప్పు తీశాక అద్దం చూడకండి. రంగును మర్నాడు ఉదయం, తరువాతి స్ట్రిప్పు వేయకముందు, పళ్లను నాలుకతో తడిపి, ఒకే కిటికీ పక్కన పగటి వెలుతురులో చూడాలి. ఫోన్‌తో ఫొటో తీసేటప్పుడు గడ్డం కింద తెల్ల కాగితం పట్టుకుంటే, కెమెరా తనంతట తాను రంగు మార్చిన సంగతి ఆ కాగితం రంగును బట్టే తెలిసిపోతుంది. మొదటి స్ట్రిప్పుకు ముందు ఒక ఫొటో తీసి పెట్టుకోకపోతే తరువాతి ఫొటోలకు విలువ ఉండదు, ఎందుకంటే పాత రంగును మనసు సరిగ్గా గుర్తుంచుకోదు. పెట్టె మొత్తం అయిపోయాక కూడా తుది రంగు నిలబడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ గడువు దాటాక కూడా మచ్చలు కొట్టొచ్చినట్టు ఉంటే అప్పుడు వైద్యునికి చూపించాలి. ఎనామెల్ రంధ్రాల్లోకి రెసిన్ నింపి మచ్చను కలిపేసే చికిత్స ఉంది. గడువు లోపల మాత్రం ఏ నిర్ణయమూ వద్దు.

పళ్లు జివ్వుమంటున్నాయి

పెరాక్సైడ్ కొద్ది నిమిషాల్లోనే పంటి లోపలి నరం వరకూ చేరగలదు కాబట్టి మొదటి రోజుల్లో కొంత జివ్వు సహజం. అన్ని పళ్లూ కొద్దికొద్దిగా జివ్వుమంటూ, స్ట్రిప్పులు ఆపిన కొన్ని రోజుల్లో తగ్గిపోతుంటే కంగారు పడనవసరం లేదు. రోజు విడిచి రోజు వేయడం, వేసే సమయాన్ని తగ్గించడం, 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న టూత్‌పేస్టును ఒకటి రెండు వారాల ముందు నుంచే వాడడం, ఇవి చాలామందికి సరిపోతాయి. ఆ పేస్టుతో తోముకున్నాక పుక్కిలించకుండా ఉమ్మివేసి వదిలేస్తే ఇంకా మంచిది. పులుపు పదార్థాలూ పానీయాలూ తీసుకున్న వెంటనే స్ట్రిప్పు వేయకూడదు.

జివ్వు ఒకే పంటికి పరిమితమైతే లెక్క మారుతుంది. పిప్పి, పగులు, అంచు వదిలిన పాత ఫిల్లింగు, వీటిలో ఏదో ఒకటి జెల్లుకు నేరుగా లోపలికి దారి ఇస్తోందన్న మాట. చల్లదనం తగిలి తీసేశాక కూడా నొప్పి నిమిషాల తరబడి నిలిచినా, రాత్రి నిద్ర లేపినా స్ట్రిప్పులు ఆపి వైద్యుని దగ్గరకు వెళ్లాలి. టూత్‌పేస్టు దానికి మందు కాదు. వేరు బయటపడిన చోట జివ్వు ఎక్కువగా ఉంటుంది, పైగా వేరు మీద ఎనామెల్ ఉండదు కాబట్టి అది ఎంత జెల్లు పూసినా ఎనామెల్ ఉన్న భాగంలా తెల్లబడదు. అక్కడికి తగలకుండా స్ట్రిప్పు అంచును కత్తిరించుకోవడమే మేలు.

చిగుళ్లు తెల్లబడి మండుతున్నాయి

స్ట్రిప్పు చిగుళ్ల మీదికి ఎక్కింది, లేదా జెల్లు ఎక్కువై కారింది. స్ట్రిప్పు తీసి నీళ్లతో బాగా పుక్కిలిస్తే ఆ తెలుపు సాధారణంగా కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. తరువాతిసారి అంచును చిగురు గీతకు ఒక వెంట్రుకవాసి దూరంలో ఆపి, పొంగిన జెల్లును దూదితో తుడిచేయాలి. అంటించడానికి సరిగ్గా ముందు గట్టిగా బ్రష్షు చేసి చిగుళ్లను గీరుకోవడం కూడా మంటకు కారణమే. ఆ పనిని అరగంట ముందే ముగించుకోవాలి. స్ట్రిప్పుతో నిద్రపోవడం ఎవరికీ తగదు. పుండు పడినా, చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా అవి మానేవరకు స్ట్రిప్పుల ఊసే వద్దు.

ఇక అరుదైనవి

గడువు దాటిన పెట్టె, ఎండలో నిలవ ఉన్న పెట్టె: జెల్లు చచ్చిపోయి ఉంటుంది, పారేయండి. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు వాడుతూ రంగు తగ్గలేదనేవారు ముందు ఆ మందు ఎప్పుడు ఆపాలో దాన్ని రాసిన వైద్యుణ్ణి అడగాలి, ఎందుకంటే గోధుమ మరకలు తెచ్చేది అదే. పెరాక్సైడ్ పడక పెదవులు వాచేవారు అరుదుగా ఉంటారు. వారు స్ట్రిప్పులు మానుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు వైద్యుని సలహా లేకుండా వాడకూడదు. నిమ్మరసంతో, బొగ్గుపొడితో రుద్ది రంగు తెప్పిస్తామనేవారి మాట వినకండి, వాటితో పోయేది ఎనామెల్.

రంగు కలవని పాత ఫిల్లింగును మార్పించుకోవాలనుకునేవారు స్ట్రిప్పులు పూర్తయిన రోజునే వెళ్లకుండా కనీసం రెండు వారాలు ఆగాలి. అప్పటికి తుది రంగు నిలబడుతుంది కాబట్టి కొత్త ఫిల్లింగును దానికి సరిపోల్చవచ్చు. పంటిలో మిగిలిన ఆక్సిజన్ కూడా ఈలోగా బయటికి పోతుంది. అది ఉండగా వేసిన ఫిల్లింగు పంటికి గట్టిగా అతకదు.