పత్రికా ప్రకటన పని చేయనప్పుడు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

విజయవాడ, గుంటూరు నగరపాలక సంస్థలు, కలెక్టరేట్లు, జలవనరుల, విద్యుత్ కార్యాలయాల నుంచి సాయంత్రమయ్యేసరికి పత్రికా ప్రకటనలు వెలువడుతుంటాయి. వాటిలో కొన్ని అచ్చుకు నోచుకోవు, మరికొన్ని రాసినవారు అనుకోని అర్థంతో అచ్చవుతాయి. ప్రకటనలు తయారుచేసే సిబ్బందికి తరచుగా ఎదురయ్యే చిక్కులు, వాటి మూలాలు, సవరించుకునే మార్గాలు కింద ఇస్తున్నాము.

సమస్య: ప్రకటన పంపినా మరునాటి పత్రికలో రాలేదు

ముందుగా పంపిన సమయాన్ని సరిచూసుకోవాలి. జిల్లా పేజీలు ముగిసే వేళకు చేరిన ప్రకటన ఎంత చక్కగా ఉన్నా పక్కకు వెళుతుంది, మరునాటికి పాతబడుతుంది. సకాలంలో పంపినా రాలేదంటే కారణం చాలాసార్లు మొదటి వాక్యంలోనే దొరుకుతుంది. ఫైలు నడిచే క్రమంలో ముందు పై నుంచి వచ్చిన ఆదేశం, తర్వాత సమీక్షా సమావేశం, అందులో పాల్గొన్నవారి హోదాలు, చిట్టచివర నిర్ణయం ఉంటాయి. ప్రకటనను కూడా అదే వరుసలో రాస్తే ప్రజలకు కావలసిన విషయం అడుగున పడిపోతుంది. చోటు చాలనప్పుడు సబ్ ఎడిటర్ కోత మొదలుపెట్టేది కూడా అడుగు నుంచే.

గుంటూరులో తాగునీటి సరఫరా నిలిపివేతపై ఒక ప్రకటన ఇలా మొదలైందనుకుందాం: “ఉన్నతాధికారుల ఆదేశాల మేరకు, వేసవి సన్నద్ధతలో భాగంగా, నగర ప్రజలకు మెరుగైన తాగునీటి సరఫరాయే లక్ష్యంగా పలు పనులు చేపట్టడం జరుగుతోంది.” ఈ వాక్యం ఏ ఊరికైనా, ఏ ఏడాదికైనా సరిపోతుంది కనుక వార్త కాదు. దీనికి బదులు “తక్కెళ్లపాడు నీటి శుద్ధి కేంద్రంలో మరమ్మతుల వల్ల బుధవారం ఉదయం నుంచి గురువారం సాయంత్రం వరకు బ్రాడీపేట, అరండల్‌పేటలకు కుళాయి నీరు రాదు” అని మొదలుపెట్టి, రెండో వాక్యంలో ట్యాంకర్లు ఎక్కడ నిలిచి ఉంటాయో, మూడో వాక్యంలో ఏ నంబరుకు ఫోన్ చేయాలో చెప్పినట్లయితే, మిగిలినదంతా కోతపడినా ప్రకటన ఉద్దేశం నెరవేరుతుంది.

పై అధికారి పేరు ముందు కనిపించకపోతే ప్రకటనకు ఆమోదం లభించదన్న ఇబ్బంది నిజమైనదే. పేరును తొలగించనక్కరలేదు. దానిని మూడో పేరాకు మార్చి, ఆయన చెప్పిన ఒక నిర్దిష్టమైన మాటకు జతచేస్తే సరిపోతుంది. హోదాల వరుసను డెస్కు (పత్రికలో వార్తలను సరిదిద్దే విభాగం) నిస్సంకోచంగా కొట్టేస్తుంది గానీ, హామీ ఇచ్చిన వ్యక్తి పేరు లేకుండా హామీని ప్రచురించలేదు. ఈ సంగతి వివరిస్తే చాలామంది అధికారులు అంగీకరిస్తారు.

సమస్య: వార్త వచ్చింది, అర్థం తారుమారైంది

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది, ముఖ్యంగా వరద రోజుల్లో. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడకు రెండు వైపుల నుంచి ముప్పు వచ్చింది. ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటగా, సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తినది బుడమేరు వాగు. అటువంటి స్థితిలో “వరద తగ్గుముఖం పట్టింది” అని మాత్రమే రాస్తే, బ్యారేజీ వద్ద నమోదైన అంకెను చూసి రాసిన ఆ వాక్యాన్ని సింగ్ నగర్‌లో మేడ మీద ఉన్న కుటుంబం తమ వీధికి అన్వయించుకునే అవకాశం ఉంది. అందువల్ల ఏ నీరు, ఏ చోట, ఏ గంటకు అన్నవి మూడూ తొలి వాక్యంలోనే ఉండాలి.

కొలమానాలను అలాగే వదిలేయడం రెండో కారణం. బ్యారేజీ వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షల క్యూసెక్కులకు రెండో హెచ్చరిక జారీ చేస్తారని ఇంజినీరుకు కంఠస్థంగా ఉంటుంది, పాఠకుడికి ఉండదు. ప్రవాహపు అంకె పక్కనే ఏ హెచ్చరిక అమలులో ఉందో, నదీతీరంలోని వారు ఏమి చేయాలో రాయాలి. క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) ఒక సెకనులో పారే నీటిని తెలుపుతుంది, టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) మొత్తం నీటి పరిమాణాన్ని తెలుపుతుంది. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే సుమారు 8.64 టీఎంసీలవుతుంది. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో వివరణ లేకుండా ఇస్తే, డెస్కులో ఒకదాని స్థానంలో మరొకటి చేరినా ఆశ్చర్యపోనక్కరలేదు.

నిన్నటి ప్రకటన నేడు వాట్సాప్‌లో తిరగడం దీనికి దగ్గరి సమస్య. ప్రతి ప్రకటన నెత్తిన తేదీ, గంట, ఆ రోజు వరుస సంఖ్య వేసి, “ఇంతకుముందు జారీ చేసిన ప్రకటన ఇకపై చెల్లదు” అని స్పష్టంగా రాయాలి.

సమస్య: ఒక్కో పత్రికలో ఒక్కో అంకె

మంజూరైన మొత్తం, విడుదలైన మొత్తం, ఖర్చయిన మొత్తం వేర్వేరని ప్రకటనలో చెప్పకపోతే ఒక్కో విలేకరి ఒక్కోదానిని ఎంచుకుంటాడు. మా ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, పాత గుంటూరు జిల్లాలోని ప్రాంతాలు పల్నాడు, బాపట్ల జిల్లాలకు కూడా వెళ్లాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రమైంది. మిర్చి సాగు విస్తీర్ణమైనా, పింఛన్ల సంఖ్య అయినా అంతకుముందు ఏళ్లతో పోల్చేటప్పుడు “పూర్వపు ఉమ్మడి గుంటూరు జిల్లా” అని పేర్కొనకపోతే, జరగని తగ్గుదల పతాక శీర్షికగా మారుతుంది.

సమస్య: ఖండన ఇచ్చాక వివాదం మరింత పెరిగింది

ఖండన ఆరోపణతో మొదలై, “నిరాధారం, దురుద్దేశపూరితం” వంటి విశేషణాలతో నిండి ఉంటే, నిన్న ఆ వార్త చదవనివారు కూడా నేడు చదువుతారు. మొదటి వాక్యంలో జరిగిన వాస్తవాన్ని తేదీతో, పత్రంతో చెప్పాలి. వార్తలో నిజమున్న భాగాన్ని ఒప్పుకొని, తప్పున్న భాగాన్ని మాత్రమే చూపి, దానిని నేరుగా సంపాదకుడికి పంపాలి. తప్పు నిర్ధారణ అయినప్పుడు సవరణను వెంటనే, తగిన ప్రాధాన్యంతో ప్రచురించాలని ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ఆ వెసులుబాటును వాడుకోవాలంటే లేఖలో కోపం కంటే ఆధారం ఎక్కువ ఉండాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరు అడిగినా ఇవ్వవలసిన కాగితంలో ఉన్న విషయాన్ని ఖండనలో కాదనడం మాత్రం వృథా ప్రయాస.

సమస్య: డెస్కుకు చేరిన అక్షరాలు గజిబిజిగా కనిపిస్తున్నాయి

యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పాఠం, ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా తెరుచుకుంటుంది. సంతకం చేసి స్కాన్ చేసిన ప్రతి అయితే మళ్లీ మొదటి నుంచి టైపు చేయవలసి వస్తుంది, అంత ఓపిక ఆ వేళ ఎవరికీ ఉండదు. పాఠాన్ని యూనికోడ్‌లో మెయిల్‌లోనే నేరుగా ఉంచి, సంతకం ఉన్న ప్రతిని విడిగా జతచేయాలి.