ఫుకుషిమా చూడటానికి దరఖాస్తు ఎలా?

2011 అణువిద్యుత్ కేంద్ర ప్రమాదం తర్వాత జనం ఖాళీ చేసిన జపాన్‌లోని ఫుకుషిమా ఊళ్లలో అడవిపందులు, కోతులు, నక్కలు స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. జార్జియా విశ్వవిద్యాలయం పెట్టిన కెమెరాలకు 20కి పైగా జాతులు చిక్కాయి.

మళ్లీ తెరిచిన ఫుతాబా, నామియే, తొమియోకా ప్రాంతాలకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, మామూలు జపాన్ టూరిస్టు వీసా చాలు. గేట్లు వేసిన 'తిరిగి రావడం కష్టమైన ప్రాంతం'లోకి మాత్రం ఇళ్ల యజమానులకు, పని ఉన్నవాళ్లకే పురపాలక కార్యాలయం అనుమతిస్తుంది. పర్యాటకులు దానికి దరఖాస్తు పెట్టడం వృథా.

వీసాకు హైదరాబాద్‌లో జపాన్ వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రానికి వెళ్లాలి. పాస్‌పోర్టు, 45×35 మి.మీ. ఫొటో, దరఖాస్తు ఫారం, విమాన, హోటల్ బుకింగులు, ఆదాయపన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఏ రోజు ఎక్కడుంటారో రాసిన పట్టిక కావాలి. ఎక్కువగా చిక్కొచ్చేది ఈ పట్టికతోనే: అందులో ఒక రాత్రి ఇవాకి (ఫుకుషిమాలోని ఊరు) అని ఉండి, అదే రాత్రికి హోటల్ బుకింగ్ టోక్యోలో ఉంటే ప్రశ్నలు తప్పవు. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఉంటే ఫారంలోనూ అక్కడే రాయాలి. టికెట్టు మీదా అదే పేరు ఉండాలి.

వీసా గడువు 3 నెలలే కాబట్టి మరీ ముందుగా పెట్టొద్దు. ఈ-వీసా వస్తే విమానాశ్రయంలో ఫోన్‌లో నెట్ ఆన్ చేసి వీసా నోటీసును అప్పటికప్పుడు తెరిచి చూపాలి. స్క్రీన్‌షాట్, ప్రింటు చెల్లవు.

జోబాన్ రైలు మార్గం 2020 మార్చిలో పూర్తిగా తెరుచుకుంది కాబట్టి, టోక్యోలోని ఉయెనో నుంచి 'హితాచి' ఎక్స్‌ప్రెస్‌లో నేరుగా ఫుతాబా దాకా వెళ్లొచ్చు. అయితే సెందాయ్ వైపు వెళ్లేదే ఎక్కాలి. చాలా రైళ్లు ఇవాకిలోనే ఆగిపోతాయి. ఫుతాబాలోని విపత్తు స్మారక మ్యూజియం (600 యెన్‌లు), నామియేలో సునామీకి దెబ్బతిన్న ఉకేదో బడి శిథిలాలు (300 యెన్‌లు) రెండూ మంగళవారం మూతే.

అడవిలోకి మాత్రం నడవకండి. ఇళ్ల నుంచి సుమారు 20 మీటర్ల లోపే శుద్ధి చేశారు, ఆపైన సీజియం అనే రేడియోధార్మిక పదార్థం ఇంకా ఆకుల్లో, మట్టిలో ఉంది. అందుకే పుట్టగొడుగులు, అడవి ఆకుకూరలు కోసుకోకూడదు. రోడ్డు పక్కన మానిటరింగ్ పోస్టులు రేడియేషన్ గంటకు ఎన్ని మైక్రోసీవర్టులు (రేడియేషన్ మోతాదు కొలమానం) ఉందో చూపిస్తుంటాయి, శుద్ధి అవసరమైన ప్రాంతాలను గుర్తించడానికి పెట్టుకున్న హద్దు 0.23. అద్దె కారైతే చీకటిపడే వేళ వేగం తగ్గించండి: అడవిపందులు రోడ్డెక్కేది అప్పుడే.