పోస్ట్‌స్క్రిప్ట్‌తో కదిలే బొమ్మలు – 7వ పాఠం: మిణుకు లేని పడవ

పోయిన పాఠంలో పోస్ట్‌స్క్రిప్ట్‌తో (పేజీ మీద ఏం గీయాలో చెప్పే ప్రోగ్రామింగ్ భాష ఇది) మైపాడు పడవ బొమ్మను కదిలించిన వాళ్లు చాలామంది ఒకే మాట రాశారు: పడవ కదులుతోంది గానీ తెర మిణుకుమిణుకుమని కళ్లు లాగేస్తున్నాయని. మీ తప్పేం లేదు. ప్రతి ఫ్రేముకీ, అంటే కదలికలో ఒక్కో బొమ్మకీ, ముందు ఎరేజ్‌పేజ్ (పేజీ మొత్తం చెరిపే ఆదేశం) పెట్టమన్నది నేనే. ఇవాళ వేగం గురించి చెప్పాలనుకున్నాను. అది తర్వాత, ముందు దీని సంగతి చూద్దాం.

ముగ్గులో ఒక గీత వంకరపోతే మా అమ్మ వాకిలంతా మళ్లీ కల్లాపి చల్లదు. ఆ గీతొక్కటే వేలితో తుడిచి కొత్తగా వేస్తుంది. ఎరేజ్‌పేజ్ అంటే వాకిలంతా కల్లాపే. మళ్లీ ముగ్గు పడేదాకా కనబడేది ఖాళీ నేలే. సెకనుకు 25 సార్లు ఆ ఖాళీ నేల కంటపడితే మిణుకు కాక ఏమవుతుంది? 1984లో అడోబీ ఈ భాషను తెచ్చింది కాగితం కోసం. ప్రింటరులో పేజీ అంతా మెమరీలో తయారై, షోపేజ్ అనే ఆదేశం ఇచ్చాకే బయటికొస్తుంది. నడుమ ఎన్నిసార్లు చెరిపినా ఎవరికీ కనబడదు. తెర మీద ఈ భాషను నడిపే ఘోస్ట్‌స్క్రిప్ట్ ప్రోగ్రాము అలా ఆగదు, గీస్తూనే చూపించేస్తుంది.

కాబట్టి పడవ ఇంతకుముందు ఉన్న చోటొక్కటే తెల్లరంగుతో కప్పండి. పాత చోటును తీసివేతలతో లెక్కగట్టొద్దు, గీసినప్పుడే ఆ అంకెలు దాచుకోండి.

ఇక్కడే అందరూ పడే గుంట ఒకటుంది. ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో గ్రాఫిక్స్‌ఆల్ఫాబిట్స్ అనే అమరిక 4 పెట్టి నడిపితే అంచులు నున్నగా వస్తాయి, బాగుంటుంది. అదే పడవ ఆకారాన్ని అదే చోట తెల్లగా నింపి చెరిపితే మాత్రం వెనక బూడిదరంగు గీతల తోక మిగులుతుంది. ఎందుకంటే అంచున ఉన్న చుక్కను (తెర మీది పిక్సెల్‌ను) పడవ సగమే కప్పుతుంది. తెలుపు 1, నలుపు 0 అనుకోండి. నల్లగా నింపితే ఆ చుక్క 0.5 అవుతుంది. తెల్లగా నింపినా మళ్లీ సగమే కప్పుతుంది కాబట్టి 0.75 దగ్గర ఆగిపోతుంది. ఇంకోసారి నింపితే 0.875. ఎన్నిసార్లు తుడిచినా 1 దాకా రాదు. ముగ్గును వేలితో తుడిస్తే తెల్లటి మరక మిగిలినట్టే ఇదీ. మందు ఒకటే: చెరిపేటప్పుడు ఆకారాన్ని వాడొద్దు. దాని చుట్టూ అన్ని వైపులా రెండు చుక్కలు ఎక్కువుండే దీర్ఘచతురస్రంతో చెరపండి. ఈ తోక పోవాలని రంగు మార్చి చూశాం, గీత మందం మార్చి చూశాం అని రాసిన వాళ్లందరికీ ఇదే జవాబు.

ఇలా చేసినా చెరపడానికీ గీయడానికీ మధ్య సన్నటి తెలుపు తళుక్కుమంటుంది. దాన్నీ వదలను. నేను వాడే పద్ధతి ఇదీ. పడవను ఇమేజ్ ఆపరేటరుతో (ఒక్కో చుక్క రంగు అంకెగా ఇస్తే బొమ్మ వేసే ఆదేశం) వేయండి. అది కింద ఏముందో చూడదు, పూర్తిగా కప్పేస్తుంది. పడవ 60 చుక్కల వెడల్పు, 24 ఎత్తు. కుడికి ఒక్కో ఫ్రేముకీ 3 చుక్కలు జరుగుతుంది. ఎడమ పక్కన 4 తెల్ల నిలువు వరసలు అతికించి, బొమ్మను 64 వెడల్పు చేయండి. చుక్కకో బైటు చొప్పున 1,536 బైట్లు. పడవ ముందుకు జరిగినప్పుడు ఆ తెల్ల అంచే పాత తోకను కప్పేస్తుంది. విడిగా చెరిపే పనే లేదు. అంగుళానికి 72 చుక్కలతో నడిపి, స్థానాలు పూర్ణాంకాల్లో ఇవ్వండి, లేకపోతే అంచులు జరుగుతాయి.

ఫ్రేము వేశాక ఫ్లష్‌పేజ్ పిలవండి, గీసిందంతా వెంటనే తెర మీదికి వస్తుంది. ఇది ఘోస్ట్‌స్క్రిప్ట్ సొంత ఆపరేటరు, వేరేచోట ఉంటుందనుకోవద్దు. ఆపైన రియల్‌టైమ్ (గడియారం లెక్కన మిల్లీసెకన్లు చెప్పే ఆపరేటరు) చూసుకుంటూ 40 మిల్లీసెకన్లు నిండేదాకా తిరగండి. యూజర్‌టైమ్ అనే ఇంకో ఆపరేటరు ఉంది, అది నాకు నచ్చదు. అది చూసేది ప్రోగ్రాము నడిచిన కాలాన్ని, గోడ గడియారాన్ని కాదు.

అభ్యాసం: పెన్నలో రెండు పడవలు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి దాటాలి. దాటేచోట ఒకదాని తెల్ల అంచు రెండోదాన్ని కొరికేస్తుంది. ఎరేజ్‌పేజ్ వాడకుండా, అవి కలిసిన ఆ కొద్ది ఫ్రేముల్లో రెండింటినీ ఒకే స్ట్రింగులో (బైట్ల వరసలో) కూర్చి ఒక్క ఇమేజ్‌గా వేయండి. ఒక పూటలో తెమిలే పని కాదు, రెండు మూడు రోజులు పెట్టుకోండి.