దీవికి ఓడెక్కే ముందు సామానంతా విప్పి చూడండి

విశాఖ పోర్టులో ఎక్కి అండమాన్‌లో దిగాలంటే ఓడ మీద సుమారు 56 గంటలు. తుపాన్ల కాలం సద్దుమణిగాక, జనవరి నుంచి ఏప్రిల్ లోపు ఆ ఓడెక్కి చిన్న దీవుల్లో పక్షుల లెక్కకి వెళ్లే విద్యార్థులకీ వాలంటీర్లకీ ఈ జాగ్రత్తలు. అందరి జాబితాల్లోనూ బైనాక్యులర్, రెయిన్‌కోటు, మాత్రలు, పవర్‌బ్యాంకు ఉంటాయి. ఎలుక ఊసు మాత్రం ఉండదు. దీవి పక్షులకి అసలు గండం అదే. మనకి జ్వరమొస్తే పది రోజుల్లో తగ్గుతుంది. బియ్యం మూటలో దాక్కున్న ఎలుక కడుపుతో దిగిందంటే మూడు వారాల్లో ఆరేడు పిల్లల్ని పెడుతుంది, ఇక దాన్ని వెనక్కి తెచ్చుకోవడం మన తరం కాదు.

1918లో ఆస్ట్రేలియాకి తూర్పున లార్డ్ హోవ్ దీవి దగ్గర మకాంబో అనే ఓడ నేలకి తట్టుకుని ఆగిపోయింది. అందులోంచి ఒడ్డుకి చేరిన నల్ల ఎలుకలు కొద్ది ఏళ్లలోనే అయిదు రకాల అడవి పక్షుల్ని తుడిచిపెట్టేశాయి. పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవిలో ఆ పని చేసింది ఎలుక కాదు, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైనిక సామానుతో చేరిన గోధుమరంగు చెట్టుపాము. దీవి పక్షి పుట్టి పెరిగిన చోట గుడ్లు దొంగిలించే ఎలుకలాంటి జంతువులు సాధారణంగా లేవు. అందుకే అది చాలాచోట్ల నేల మీదే గూడు పెడుతుంది, ఎలుక దగ్గరికొచ్చినా లేవదు.

అండమాన్‌లోనూ ఈ పాఠాలు తక్కువేం లేవు. పొలాలు తినేసే ఆఫ్రికా నత్త రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వచ్చింది. మన చెరువుల్లో బెకబెకలాడే పెద్ద కప్ప చేపపిల్లల రవాణాతో చేరింది, దాని తోకకప్పలు అక్కడి కప్పల పిల్లల్ని తింటున్నాయి. అండమాన్‌లోని నార్కొండం దీవి సుమారు ఏడు చదరపు కిలోమీటర్లే. ప్రపంచంలో మరెక్కడా లేని హార్న్‌బిల్ అనే పెద్దముక్కు పక్షి ఒకటి అక్కడుంది. పోలీసు ఔట్‌పోస్టు కోసం తెచ్చిన మేకలు ఆ పక్షి తినే పండ్ల చెట్ల మొలకల్ని మేసేశాయి, ఆ తర్వాత వాటిని దీవి నుంచి తరలించాల్సొచ్చింది. మేకల్ని తెచ్చినవాళ్లకి పక్షి మీద పగేం లేదు, పాలూ మాంసమూ కావాలనుకున్నారంతే.

గది, తెల్ల దుప్పటి, టార్చి

ఓడ బయల్దేరడానికి రెండు రోజుల ముందు కిటికీలు తలుపులు మూసిన ఒక గది చూసుకోండి. నేల ఊడ్చి పాత తెల్ల దుప్పటి పరవండి. ప్రతి సంచీని దాని మీద తలకిందులుగా దులపండి. సంచి అడుగున, జేబుల మూలల్లో, కుట్ల వెంట టార్చిని ఏటవాలుగా పట్టి చూడండి. నిలువుగా పడిన వెలుతురులో కనిపించని గింజ ఏటవాలు వెలుతురులో నీడ పడి కనిపిస్తుంది. దుప్పటి మీద రాలినదంతా మూట కట్టి ఇంట్లోనే పారేయండి. సర్దిన వస్తువు మళ్లీ వరండాలోకి వెళ్లకూడదు. సర్దడం అయిన ప్రతి డబ్బాకీ టేపు వేసి, టేపు మీద సంతకం, తేదీ, సమయం రాయండి. టేపు ఎక్కడైనా తెగి కనిపిస్తే ఆ డబ్బా మళ్లీ మొదటి నుంచి విప్పాల్సిందే.

ఎక్కువ పని బూట్లతోనే. కంబాలకొండ, ఎర్రమట్టి దిబ్బలు తిరిగిన బూట్లనే కట్టుకుని బయల్దేరతారు చాలామంది. అట్ట గాడిలో ఇరుక్కున్న ఎర్రమట్టిలో వయ్యారిభామ గింజలు ఉండే అవకాశం బాగా ఎక్కువ, ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది మరి. లేసులు, లోపలి అట్టలు తీసేసి, పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లు పెట్టి గాడి గాడినీ తోమండి. మట్టి పూర్తిగా పోయాకే మందునీళ్లు. క్రిముల్ని చంపే విర్కాన్ పొడిని లీటరు నీళ్లకి 10 గ్రాములు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, కడిగి ఆరబెట్టండి. జరిగే తప్పు ఏమిటంటే, మట్టి ఉన్న బూట్లనే మందులో ముంచి పని అయిపోయిందనుకుంటారు. మట్టి మందు బలాన్ని మింగేస్తుంది. కలిపిన నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి, ఆ రంగు వెలిసిందంటే మళ్లీ కలుపుకోవాలి. పొడి కలిపేటప్పుడు గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. ఇనుప బకిల్స్, జిప్పులు ఎక్కువసేపు నానితే తుప్పు పడతాయి.

బట్టల్లో మేజోళ్లే ద్రోహులు. ఉత్తరేణి గింజలు, గడ్డి ముళ్లు ఉన్నిలోకి దూరితే ఎంత ఉతికినా రావు. పాతవి వదిలేసి, కొత్త నైలాన్ మేజోళ్లు కొనుక్కోవడం మేలు. ప్యాంటు మడతలు విప్పి కుట్టించుకోండి. వెల్క్రో ఉన్న చోటల్లా, అంటే టోపీ వెనక, రెయిన్‌కోటు చేతుల దగ్గర, కెమెరా సంచి మూతల మీద, చిమటాతో ఒక్కొక్క గింజా ఏరండి. అరకులో వాడిన టెంటును మళ్లీ వేసి చూడకుండా మడతతో తీసుకెళ్లొద్దు, మూలల్లో ఎండుటాకులు, చీమల గుడ్లు దొరుకుతాయి. ట్రైపాడ్ కాళ్లు చివరిదాకా లాగి తుడవండి.

వంట సామాను

పూర్ణా మార్కెట్‌లో కొన్న సరుకుల గోనె సంచులు, అట్టపెట్టెలు అక్కడే వదిలేయండి. అట్టపెట్టె ముడతల్లో బొద్దింక గుడ్లు, చీమలు, చిన్న బల్లిపిల్లలు హాయిగా ప్రయాణం చేస్తాయి. సరుకులన్నీ రబ్బరు రింగున్న మరమూత ప్లాస్టిక్ డ్రమ్ముల్లోకి మార్చండి. బియ్యం, పప్పులు సంచికట్టి డీప్‌ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచితే ముక్కపురుగు గుడ్లతో సహా చస్తుంది. ఫ్రీజర్ నుంచి తీయగానే మూత తెరవొద్దు, తడి పట్టి బూజొస్తుంది. గది వేడికి వచ్చేదాకా ఆగండి.

పచ్చి కోడిమాంసం, గుడ్లు పక్షుల దీవికి వద్దు, కోళ్ల జబ్బులు వాటితోనే వెళతాయి. వేళ్లూ మట్టీ అంటిన గోంగూర, దుంపలు వద్దు. చింతపండు గింజలు తీసిందే తీసుకోండి. టమాటా, జామ, బొప్పాయి అసలు వద్దు. టమాటా గింజ మనిషి కడుపులోంచి బయటపడ్డాక కూడా మొలకెత్తుతుంది, క్యాంపు మరుగుదొడ్డి వెనక మొలిచే టమాటా మొక్కలు అలా వచ్చినవే. జామ దీవుల్లో అడవినే మింగేస్తుంది. ఆవకాయకి అభ్యంతరం లేదు, ఆ ఉప్పూ నూనే దాటి ఏదీ మొలవదు.

చివరి రాత్రి

ఇంత చేసి పోర్టు దగ్గర షెడ్డులో ఒక రాత్రి సామాను వదిలేస్తే కథ మొదటికొస్తుంది. ఎలుక ఎక్కేది ఎక్కువగా ఆ చివరి రాత్రే. అండమాన్‌లో దిగి చిన్న పడవ మారే చోట కూడా అంతే. సామాను రాత్రంతా నేల మీద ఉండాల్సొస్తే మూతలు బిగించి, గోడకి అడుగు దూరంలో పేర్చి, చుట్టూ వేరుశెనగ వెన్న రాసిన ఎలుకబోన్లు నాలుగు పెట్టండి. అక్కడ డోంగీ అనే మర పడవని మాట్లాడుకున్నాక, బయల్దేరే ముందు నడిపేవాణ్ణి అడిగి అడుగు చెక్కలు ఎత్తించి చూడండి. కొరికిన తాళ్లు, వడ్లగింజ సైజు నల్లటి రెట్టలు కనిపిస్తే ఆ పడవ వద్దు. “ఏదో ఒక్కటుంటుంది సార్” అంటాడు. ఆ ఒక్కటే వద్దనేది.

దీవిలో దిగాక డబ్బాలన్నీ జిప్పు మూసిన టెంటులోనే విప్పండి. ఏదైనా బయటికి దూకితే అక్కడే దొరుకుతుంది. కొట్టే బోను ఒకటి చేతికందేలా ఉంచండి. బయట పెట్టే బోన్లు మాత్రం చెక్క పెట్టెలో, నేలకి జానెడు ఎత్తులో ఉండాలి. లేకపోతే రాత్రికి రాత్రే సన్యాసి పీతలు ఎర తినేస్తాయి, నేల మీద తిరిగే పక్షి కాలు పెడుతుంది. ఎలుక నిజంగా కనిపిస్తే తరమొద్దు, పొదలోకి పోతే దొరకదు. చోటుని జీపీఎస్‌లో గుర్తించి, చుట్టూ పాతిక మీటర్ల దూరాల్లో బోన్లు పెట్టి, అటవీశాఖకి వెంటనే చెప్పండి. విషం మీ అంతట మీరు చల్లొద్దు. ఆ ఎరను ముందు తినేవి పీతలే, పీతల్ని తినేవాటికీ అది చేరుతుంది.

సముద్రం, ఒడ్డు

2014 అక్టోబరు 8న అండమాన్ మీదుగా వచ్చిన హుద్‌హుద్ 12న విశాఖని కొట్టింది. కూకుడుగువ్వ పేరు పెట్టుకున్న ఆ తుపాను మనకి నాలుగు రోజుల గడువిచ్చింది, దీవిలో ఉన్నవాడికి ఆ గడువు ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ మే నెలలో చిన్న దీవుల్లో క్యాంపు పెట్టొద్దు. ఏప్రిల్‌లో గాలి లేదు కదా అని కూడా ధీమా వద్దు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో లేచిన పొడవాటి అలలు గాలి లేని రోజునే ఒడ్డుని బాదుతాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక దిగే ముందు రోజూ, దిగే రోజూ చూడండి. ఆటుపోట్లు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి, నిన్న దిగిన వేళకే ఇవాళ దిగలేరు. రాళ్ల ఒడ్డున అలల్ని పది నిమిషాలు గమనించి, పెద్ద అలల గుంపు వెళ్లిపోయాకే దిగండి. లైఫ్‌జాకెట్ మీద సంచి పట్టీలు బిగించుకోవద్దు, పడితే సంచి వదిలించుకోగలగాలి.

మంచినీళ్లు మనిషికి రోజుకి 5 లీటర్లు, పైన మూడో వంతు అదనం. అయిదుగురు పది రోజులుంటే 250, అదనంతో 330 లీటర్లు పైమాట. పొద్దు విశాఖ కన్నా ముందే గుంకుతుంది, ఫిబ్రవరిలో సాయంత్రం ఐదున్నరకే అడవిలో చీకటి పడుతుంది కాబట్టి నాలుగింటికి వెనక్కి తిరగండి. పాయల దగ్గర ఉప్పునీటి మొసళ్లుంటాయి, పాత్రలు కడగడానికి అంచుకి వెళ్లొద్దు. పాము కాటు మందు మన దేశంలో నాగు, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర విషాలకే తయారైంది. అండమాన్ పింజరలకి దాని మీద ఆశ పెట్టుకోకుండా, కాలు కదలకుండా కట్టి ఆస్పత్రికి చేర్చే పడవ ముందే సిద్ధంగా ఉండాలి. మలేరియా, ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ రెండూ అక్కడున్నాయి. ఏ మాత్ర ఎన్నాళ్లు వాడాలో డాక్టర్ చెప్పింది వాడండి, తిరిగొచ్చాక కూడా కోర్సు మానొద్దు. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం లీటరు నీళ్లకి, గ్లాసుకి కాదు.

అనుమతుల మీద ఒక్క మాట. అభయారణ్యానికి అటవీశాఖ రాతపూర్వక అనుమతి, నికోబార్‌కి గిరిజన పాసు, డ్రోనుకి వేరే అనుమతి. లైసెన్సు లేని శాటిలైట్ ఫోను దగ్గరుంటే కేసవుతుంది, విదేశీ స్నేహితుడు ఇచ్చాడన్నా వినరు.

గూళ్ల దగ్గర

హార్న్‌బిల్ ఆడపక్షి తొర్రలో తనని తాను మూసుకుని కూర్చుంటుంది, మగపక్షి తెచ్చే పండ్లే దానికి తిండి. మర్రిపండు నోట కరుచుకుని పక్క కొమ్మ మీద కూర్చున్న మగపక్షి తొర్ర దగ్గరికి రాకుండా తల అటూ ఇటూ తిప్పుతోందంటే మీరు ఎక్కువ దగ్గరగా ఉన్నారని. లేచి వెనక్కి వెళ్లండి, అది దిగేదాకా. నికోబార్ మెగాపోడ్ అనే నేల పక్షి ఇసుక దిబ్బలో గుడ్లు పూడుస్తుంది. 2004 సునామీ అలాంటి దిబ్బల్ని ఎన్నింటినో కొట్టుకుపోయింది, మిగిలినవాటి మీద కాలు వేయొద్దు. ఇసుక మీద గుడ్లు పెట్టే టెర్న్ అనే సముద్రపు పక్షుల దగ్గరికి పది నుంచి మూడు గంటల మధ్య వెళ్లొద్దు. తల్లి లేచిన గుడ్డు ఎండకి నిమిషాల్లో ఉడుకుతుంది. పనేదైనా పావుగంట దాటనివ్వొద్దు. తెల్లపొట్ట సముద్రపు గద్ద పైన తిరుగుతుంటే ఆ రోజుకి లెక్క వద్దు. అది చూసేది మిమ్మల్ని కాదు, మీరు లేపిన గూళ్లని.

చచ్చిన పక్షులు ఒకే చోట నాలుగైదు కనిపిస్తే ముట్టుకోకుండా ఫొటో తీసి, చోటు రాసుకుని, అటవీశాఖకీ పశుసంవర్ధక శాఖకీ చెప్పండి. ఆ బూట్లతో ఇంకో దీవిలో దిగొద్దు.

తిరుగు ప్రయాణంలో పగడం ముక్క, పెద్ద ఆల్చిప్ప ఏదీ సంచిలో వేయొద్దు, అది వన్యప్రాణి చట్టం కింద నేరం. మరో దీవికి వెళ్లేట్టయితే ఇసుక అంటిన టెంటు, బూట్లు, ట్రైపాడ్ అన్నిటికీ మళ్లీ అదే తెల్ల దుప్పటి, అదే టూత్‌బ్రష్, లీటరుకి అదే 10 గ్రాములు.